రసీదు అడగకుండా అమ్మానాన్నలు కావడం ఎలా?

పెళ్లయి పదేళ్లు దాటినా పిల్లల్లేని దంపతుల బాధ చిన్నది కాదు. ఏ పేరంటానికి వెళ్లినా "ఇంకా ఏం విశేషం లేదా అమ్మా?" అని చెవిలో గొణిగే పిన్నిగారు ఒకరు తప్పకుండా ఉంటారు. మీ కష్టం తీరాలి. అదీ కాలు కదపకుండా, బుర్రకు పని పెట్టకుండా తీరాలి. మీ మేలు కోరి ఈ సలహాలు రాస్తున్నాను. వరసగా పాటించండి. మధ్యలో ఆగి ఆలోచించారా, పని చెడుతుంది.

1. చట్టం జోలికి వెళ్లకండి.

అద్దె గర్భాలను అదుపు చేసే సరోగసీ నియంత్రణ చట్టం 2021లో వచ్చింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అది చదివితే మీ ఉత్సాహం సగం చస్తుంది. భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఏళ్ల మధ్య వయసుండాలట. సరోగసీ తప్ప వేరే దారి లేదని జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇవ్వాలట. పుట్టబోయే బిడ్డ మీకే చెందుతుందని ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర ఉత్తర్వు తెచ్చుకోవాలట. బిడ్డను మోసే ఆవిడకు వైద్యం ఖర్చులు, బీమా, నిబంధనల్లో రాసిన ఇతర ఖర్చులు తప్ప రూపాయి ముట్టజెప్పకూడదట. ఇన్ని ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు? "మా ఊళ్లో ఎంతమంది చేయించుకోలేదు!" అన్న మాట ఒక్కటి నేర్చుకోండి. లాయరు సలహా కింద అది సరిపోతుంది.

వయసు దాటిపోయిందా? కోర్టుకు వెళ్లకండి. చట్టం రాకముందే పిండాలు భద్రపరుచుకున్న దంపతులకు ఈ వయోపరిమితి వర్తించదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లు ఆ తీర్పు కోసం ఏళ్ల తరబడి ఓపిక పట్టారు. పెళ్లికాని ఒంటరి స్త్రీకి ఈ చట్టం తలుపే తెరవలేదు. వితంతువుకూ, విడాకులు తీసుకున్న ఆవిడకూ 35 నుంచి 45 ఏళ్ల మధ్య మాత్రమే అవకాశమిచ్చింది. దాని మీదా కొందరు న్యాయపోరాటం చేస్తున్నారు. పోరాటాలు వాళ్లను చేసుకోనివ్వండి. మీరు ఏజెంటుకు ఫోన్ చేయండి.

దత్తత మాట అసలే ఎత్తకండి. కేంద్ర దత్తత సంస్థ (కారా) వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఇల్లు చూడ్డానికొచ్చే సోషల్ వర్కర్‌కు జవాబులు చెప్పాలి, వరస వచ్చేదాకా ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. ఓపికున్నవాళ్ల పని అది. మీకు వచ్చే శ్రావణానికల్లా ఇంట్లో ఊయల కావాలి.

2. గోడ మీద ఫొటోలు చూసి క్లినిక్‌ను ఎంచుకోండి.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను అందరికీ కనిపించేలా తగిలించాలని రూలు. మీరు ఆ గోడ వైపు చూడకండి. దానికి గడువు కూడా ఉంటుంది, తేదీ చూస్తే మళ్లీ అనుమానం మొదలవుతుంది. ఎదుటి గోడ మీద నవ్వుతున్న పిల్లల ఫొటోలుంటాయి, వాటిని చూడండి. రిసెప్షన్‌లో ఏసీ చల్లగా ఉందా, సోఫా మెత్తగా ఉందా, కాఫీ ఇచ్చారా? చాలు. జిల్లా వైద్యాధికారి ఆఫీసుకు వెళ్లి "ఈ సెంటర్‌కు అనుమతి ఉందా?" అని అడిగితే ఒక పూట సెలవు పెట్టాల్సి వస్తుంది. లక్షలు పెట్టేవాడు ఒక పూట జీతం ఎందుకు పోగొట్టుకోవాలి?

3. ఐవీఎఫ్ కోసం వెళ్లి సరోగసీకి ఒప్పుకుని రండి.

మొదటి వారంలోనే డాక్టరుగారు "మీ వల్ల కాదు, సరోగసీయే మార్గం" అంటే వెంటనే తలూపండి. ఆ రిపోర్టులు పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లకండి. ఆయన మళ్లీ మొదటి నుంచి పరీక్షలు రాస్తాడు, బహుశా మీకు సరోగసీ అవసరమే లేదంటాడు. చట్టం ప్రకారం వైద్యపరమైన అవసరం రుజువైతేనే సరోగసీ. ఆ రుజువు బోర్డు ఇవ్వాలి. బోర్డు సంగతి డాక్టరుగారే చూసుకుంటానన్నారు కదా, ఇంకేం అడుగుతారు?

4. డబ్బంతా నగదుగా కట్టండి.

దీని మీద శ్రద్ధ పెట్టండి, మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందు ఊళ్లో అరెకరం అమ్మేయండి. తర్వాత అత్తగారి నగలు గోల్డ్ లోన్‌లో పెట్టండి. చిట్టీ పాడేసుకోండి, ఎంత తగ్గించి పాడినా ఫరవాలేదు. తోడల్లుడి దగ్గర చేబదులు తీసుకోండి, ఎందుకో చెప్పకండి. "ఇంటికి స్లాబ్ వేయిస్తున్నాం" అనండి. డబ్బును సంచిలో సర్ది, పైన ఒక తువ్వాలు కప్పి పట్టుకెళ్లండి.

ఒక వ్యక్తి నుంచి ఒకే వ్యవహారానికి 2 లక్షలో అంతకు మించో నగదు పుచ్చుకోకూడదని ఆదాయపన్ను చట్టంలో 2017 నుంచి నిబంధన ఉంది. పుచ్చుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. ఆ సంగతి తెలిసినవాడు మీకు బిల్లు ఎందుకిస్తాడు? కాబట్టి బిల్లు అడిగి అతన్ని ఇబ్బంది పెట్టకండి. చీటీ ముక్క మీద పెన్సిల్‌తో అంకె వేసి ఇస్తే జేబులో పెట్టుకోండి, ప్యాంటుతోపాటు ఉతికేయండి.

బ్యాంకు ద్వారా పంపితే ఎవరికి, ఎప్పుడు, ఎంత వెళ్లిందో ఎప్పటికీ చెరగకుండా ఉండిపోతుంది. రేపు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) వాళ్లు వచ్చి సెంటర్ ఆస్తులు జప్తు చేస్తారు. మనీలాండరింగ్ నిరోధక చట్టంలో ఒక వెసులుబాటు ఉంది: జప్తు చేసిన ఆస్తిలోంచి నష్టపోయినవాళ్లకు తిరిగి ఇవ్వమని ప్రత్యేక కోర్టు ఆదేశించవచ్చు. అందుకు ఎంత నష్టపోయారో చూపించాలి. మీ దగ్గర చూపించడానికి కాగితం ముక్క ఉండదు కనుక, ఆ కోర్టు వరండాలో గంటల తరబడి నిలబడే శ్రమ మీకు పూర్తిగా తప్పుతుంది. అరెకరం పోయింది, నగలు పోయాయి, తోడల్లుడితో మాటలు పోయాయి. లెక్క తేలిపోయింది, ఇక కూడికలు తీసివేతలు ఉండవు.

వాయిదాలు పెంచినప్పుడల్లా కట్టండి. "కవలలు వచ్చేలా ఉన్నారు", "ఆవిడకు షుగరొచ్చింది", "సిజేరియన్ చేయాలి" అంటారు. ప్రతిదానికీ రేటు ఉంటుంది. "స్కాన్ రిపోర్టు చూపిస్తారా?" అనకండి. నమ్మకం లేనివాళ్లని పేరొస్తుంది.

5. బిడ్డను మోసే ఆవిడ ఎవరో తెలుసుకోకండి.

ఆవిడ పేరు తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే కథ తెలుస్తుంది, కథ తెలిస్తే మీకు అన్నం సయించదు. ఆవిడకు 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుండాలనీ, పెళ్లయి సొంత బిడ్డ ఉండి తీరాలనీ, జీవితంలో ఒక్కసారి మాత్రమే ఇలా మోయాలనీ చట్టం చెబుతోంది. మీరు ఆవిడను చూడకపోతే వయసు అడగాల్సిన పని లేదు. ఇదివరకు ఎన్నిసార్లు మోసిందో తెలుసుకోవాల్సిన పని అంతకన్నా లేదు.

ఈ ప్రక్రియలో తన ఒంటికి ఏం జరుగుతుందో, ఏ ప్రమాదాలు రావచ్చో ఆవిడకు అర్థమయ్యే భాషలో చెప్పి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. ఆవిడ భాష ఒడియా అయినా, అస్సామీ అయినా, గోండీ అయినా తెలుగు స్టాంపు పేపరు మీద వేలిముద్ర వేయించేయమనండి. పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టే ముందు ఏ క్షణాన్నైనా "నాకొద్దు" అనే హక్కు ఆవిడకుంది. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పకుండా చూసుకోండి. గర్భస్రావం చేయించాలన్నా ఆవిడ రాతపూర్వక అంగీకారమూ, అధికారుల అనుమతీ కావాలి. ఆవిడ కడుపు మీద ఆవిడకే అధికారం ఉందనుకుంటే మీకు నిద్ర పట్టదు. "మనం డబ్బులిస్తున్నాం కదా" అనుకోండి, పడుతుంది.

ఆవిడ పేరున 36 నెలల బీమా చేయించాలి. ప్రసవం తర్వాత వచ్చే కష్టాలకు అది భరోసా. బిడ్డ చేతికొచ్చాక ఆవిడ జ్వరాలతో మనకేం పని? ప్రీమియం డబ్బు మిగుల్చుకోండి, బారసాలకు పనికొస్తుంది.

అండాలిచ్చే అమ్మాయి విషయంలోనూ అంతే. జీవితంలో ఒకే ఒక్కసారి, అదీ ఏడుకు మించకుండా అండాలు తీయాలని ఐవీఎఫ్ లాంటి పద్ధతులను నియంత్రించే ఏఆర్‌టీ చట్టం అంటోంది. మీకు లెక్కలెందుకు?

ఇవన్నీ దాటాక ఇంకో లాభం కూడా ఉంది. కేసు నడిచినప్పుడు ఆ స్త్రీని భర్తో, బిడ్డ కోరిన దంపతులో, బంధువులో బలవంతపెట్టి ఒప్పించారని కోర్టు ముందే భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత మీది. ఆవిడను మీరు ఎన్నడూ చూడలేదు, మాట్లాడలేదు, అంగీకారపత్రం లేదు, బీమా లేదు. నిరూపించుకోవడానికి ఏమీ ఉండదు, కాబట్టి మీ లాయరుకు ఎక్కువ ఫీజు అక్కర్లేదు.

6. సీమంతం ఘనంగా చేయండి.

సరోగసీ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనివ్వకండి. మూడో నెల నుంచి దిండు కట్టుకోండి. పత్తి దిండు వాడండి, స్పాంజి దిండు ఒక పక్కకు జారుతుంది. నెలనెలా ఇంకో గుడ్డ చుట్టండి. మామిడికాయ అడగండి, మధ్యమధ్యలో బాత్రూములోకి పరిగెత్తండి. అత్తగారు పొట్ట మీద చెయ్యి వేయబోతే "డాక్టరుగారు ముట్టుకోవద్దన్నారు" అనండి. ఆడపడుచు స్కానింగ్‌కు తోడొస్తానంటే "అక్కడ ఒక్కరినే రానిస్తారు వదినా" అనండి. ఆవిడ నమ్మకపోతే అలిగి రెండు రోజులు మాట్లాడకండి, తనే దిగివస్తుంది.

సీమంతానికి ఐదు రకాల గాజులు, పులిహోర, చలిమిడి, పట్టుచీర, ఫొటోగ్రాఫరు అన్నీ ఉండాలి. ఆ ఫొటోలు తర్వాత చాలామందికి ఉపయోగపడతాయి. దర్యాప్తు అధికారి వాటిని వరసగా పెట్టుకుని ఏ తేదీన ఎంత పొట్ట ఉందో చూసుకుంటాడు.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరించేవాళ్లుంటారు. వాళ్ల మాట పట్టించుకోకండి. పేరు ముందే పెట్టేయండి, వెండి గిన్నె మీద చెక్కించేయండి.

7. మగబిడ్డే కావాలని నోరు తెరిచి అడగండి.

సరోగసీ చట్టమూ ఒప్పుకోదు, 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టమూ ఒప్పుకోదు. అడిగినవాళ్లకు మొదటి తప్పుకే 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా ఉంది. అయినా ఏజెంటుకు ఇంకో 2 లక్షలు ఇస్తే "సరే" అంటాడు. ఆయన "సరే" అనడమే మీకు కావలసింది.

8. డెలివరీకి ఏ ఊరు రమ్మంటే ఆ ఊరు వెళ్లండి.

క్లినిక్ ఒక ఊళ్లో, ప్రసవం ఇంకో ఊళ్లో, కాగితాలు మరో ఊళ్లో ఎందుకున్నాయని ఆరా తీయకండి. రైలెక్కి వెళ్లండి. చివరి వాయిదా కట్టండి. తువ్వాలులో చుట్టి ఇచ్చిన బిడ్డను తీసుకోండి. ఆపరేషన్ థియేటరు వైపు తిరిగి చూడకుండా తిరుగు రైలెక్కండి. బర్త్ సర్టిఫికెట్‌లో మీరే కన్నట్టు రాయించమని వాళ్లే అంటారు. మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉంటే అదే పుట్టుకకు అఫిడవిట్‌గా చెల్లుతుంది, కానీ మీరు అది తెచ్చుకోలేదు. అందుకని అబద్ధం సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోండి. ఆధార్, స్కూలు, పాస్‌పోర్టు అన్నీ దాని మీదే కట్టుకుంటూ పోండి.

9. డీఎన్‌ఏ పరీక్ష చేయించకండి.

సికింద్రాబాద్‌లో 2025 జులైలో బయటపడిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది. గోపాలపురం పోలీసులు చెప్పిన వివరాలివి. రాజస్థాన్ నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న దంపతులు ఐవీఎఫ్ కోసం ఒక ఫెర్టిలిటీ సెంటర్‌కు వెళ్లారు. సరోగసీ చేయించుకోండి, బిడ్డ మీ జన్యువులతోనే పుడుతుందన్నారు. దాదాపు 35 లక్షలు తీసుకున్నారు. విశాఖపట్నంలో బిడ్డ పుట్టిందని చెప్పి చేతిలో పెట్టారు. అంతవరకు ఆ దంపతులు నా సలహాల్లో కొన్నిటిని పాటించినట్టే. తర్వాత మనసు ఆగక సొంతంగా డీఎన్‌ఏ పరీక్ష చేయించారు. బిడ్డకూ వాళ్లకూ ఏ సంబంధమూ లేదని తేలింది. అసలు తల్లిదండ్రులు అస్సాం నుంచి పొట్టకూటికి వచ్చిన పేద దంపతులు. వాళ్ల చేతికి దక్కింది 90 వేలు. సరోగసీ అన్నది జరగనే లేదు. డాక్టరు అరెస్టయింది, ఏజెంట్లు అరెస్టయ్యారు, ఇంకెందరో దంపతులు పోలీసుల ముందుకొచ్చారు, ఆ తర్వాత ఈడీ సోదాలు కూడా జరిగాయి.

మీరైతే ఆ ఒక్క పరీక్షా చేయించకండి. ఎవరి బిడ్డో తెలియకుండానే పెంచండి. అక్కడ ఎక్కడో ఒక తల్లికి ఇంకా పాలు పడుతూనే ఉన్నాయన్న సంగతి మీకు తెలియదు, తెలుసుకోకండి. పదిహేనేళ్లకు స్కూలువాళ్లు బ్లడ్‌గ్రూప్ క్యాంపు పెడతారు. పిల్లాడు చీటీ తెచ్చి టేబుల్ మీద పెడతాడు. అప్పుడు చెప్పండి: "ల్యాబ్‌వాళ్లు తప్పు రాశార్రా."

10. పోలీసులొస్తే ఈ సాకులు వరసగా వాడండి.

మొదట "డాక్టరుగారు చెప్పారు" అనండి. తర్వాత "మాకేం తెలీదు" అనండి. ఆపైన "మా బావగారికి ఎమ్మెల్యేగారు బాగా తెలుసు" అనండి. భార్యాభర్తలిద్దరూ ముందుగా కూడబలుక్కోకండి, ఒకరు స్లాబ్ కథ, ఇంకొకరు సీమంతం కథ చెప్పండి. ఈడీ సమన్లు పంపితే ఆరోగ్యం బాగాలేదని రెండుసార్లు వాయిదా వేయించండి, మూడోసారి వెళ్లండి. అక్కడిచ్చే వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుంది, కాబట్టి జాగ్రత్తగా ఆలోచించి పూర్తి అబద్ధం చెప్పండి.

డబ్బిచ్చి బిడ్డను కొన్నారన్న అభియోగం మీద భారతీయ న్యాయ సంహిత కింద పిల్లల అక్రమ రవాణా సెక్షన్ పెడితే తక్కువలో తక్కువ 10 ఏళ్లు, ఎక్కువైతే యావజ్జీవం. బాలల న్యాయ చట్టంలో బిడ్డను కొన్నా, అమ్మినా 5 ఏళ్ల వరకు కఠిన కారాగారం. ఇవి విని కంగారు పడకండి. "మేం బాధితులం" అనండి. బాధితులమని నిరూపించే రసీదులు, వాట్సాప్ సందేశాలు, స్కాన్ రిపోర్టులు, ఒప్పందపత్రం నాలుగో సలహా ప్రకారం మీ దగ్గర ఒక్కటీ ఉండదు.

బిడ్డను శిశు సంక్షేమ కమిటీ వాళ్లు తీసుకెళ్తారు. ఆ రోజు తలుపు దగ్గర ఏడవండి. అందరూ ఏడుస్తారు.

11. రెండోసారి ప్రయత్నించండి.

మొదటిసారి ఎక్కడ తేడా వచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు. పాత ఏజెంటు జైల్లో ఉంటే వాడి తమ్ముడు బయటే ఉంటాడు, కొత్త బోర్డు పెట్టే ఉంటాడు. మళ్లీ అరెకరం ఉంటే అమ్మండి. డబ్బిచ్చి సరోగసీ చేయించుకున్న దంపతులకు మొదటి తప్పుకు 5 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. రెండో తప్పుకు 10 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. సరోగసీ చట్టం కింద కేసు పడితే బెయిలు హక్కుగా రాదు, రాజీకి వీల్లేదు.